వాక్యం చెప్పినాయనకు బల్లలో చోటు లేదా?

సంపాదకులకు నమస్కారం.

ఇతర క్రైస్తవ శాఖల బోధకులను పిలిచి ప్రసంగాలు చెప్పిస్తే సంఘాలు చెదిరిపోతాయని ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. అది చదివాక ఊరుకోలేకపోయాను. మాది టంగుటూరు దగ్గర పల్లె. నేను పుట్టిందీ పెరిగిందీ బాప్టిస్టు సంఘంలోనే.

ఈ నెల మొదటి ఆదివారం మా పాస్టరు గారు గుంటూరు వైపు నుంచి ఒక లూథరన్ అయ్యగారిని ప్రసంగానికి పిలిచారు. తెల్లంగీ, మెడలో ఆకుపచ్చ పట్టీ చూసి వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. మా దగ్గర పాస్టరు గారు ఏ భాగం ఎంచుకుంటే దాని మీదే ప్రసంగం. వాళ్లకు ఏ ఆదివారం ఏ పాఠం చదవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ రోజు వచ్చింది లూకా 16వ అధ్యాయం, అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానం. యజమాని బాకీదారులను పిలిచి వంద కొలతల నూనె పత్రాన్ని యాభైకి, వంద కొలతల గోధుమల పత్రాన్ని ఎనభైకి తిరగ రాయించినవాడి కథ అది. చాలామంది బోధకులు పక్కన పెట్టేసే భాగం.

ఆయన పక్కన పెట్టలేదు. ‘పొగాకు వేలానికి పోకముందే మీ ప్రామిసరీ నోట్ల లెక్క తేలిపోతుంది కదా’ అంటూ మొదలుపెట్టారు. కౌలు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఖర్చు, కట్టెలు, కూలి, వడ్డీ, అన్నీ తెలిసిన మనిషిలా మాట్లాడారు. ఆ నిర్వాహకుడి మోసాన్ని మెచ్చుకోలేదు. కానీ అప్పిచ్చినవాడు కూడా దేవుడి ముందు బాకీదారుడేనని, చేతిలో ఉన్న డబ్బుతో ఎవరి భారం తగ్గించావని దేవుడు అడుగుతాడని చెప్పారు. మా సంఘంలో వడ్డీకి ఇచ్చేవాళ్లూ తెచ్చుకునేవాళ్లూ ఒకే వరుసలో కూర్చుంటారు. ఆ ఉదయం ఒక్కరూ సెల్‌ఫోన్ వైపు చూడలేదు. ఆరాధన అయ్యాక ఒక పెద్ద రైతు, ఎప్పుడూ ఎవరితో పెద్దగా మాట్లాడని మనిషి, ఆయన దగ్గరకు వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. దీనివల్ల చెదిరిపోయింది ఏమిటో ఆ పాఠకుడే చెప్పాలి.

నన్ను బాధపెట్టింది వేరే. మొదటి ఆదివారం కాబట్టి ప్రసంగం తర్వాత ప్రభు భోజనం, అంటే యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే బల్ల. డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, రొట్టె పళ్లెం, గిన్నెల పళ్లెం పట్టుకుని వరుసలన్నీ తిరిగారు. ముందు కుర్చీలో కూర్చున్న ఆ అయ్యగారిని మాత్రం దాటి వెళ్లిపోయారు. పసితనంలో నీళ్లు చిలకరించి ఇచ్చే బాప్తిస్మం పొందినవారు, ఎదిగాక సొంత విశ్వాసంతో నీళ్లలో మునిగి తీసుకున్నవారు కాదు కనుక మా పద్ధతి ప్రకారం ఆయనకు ఇవ్వకూడదట. ఆయన తల వంచుకుని ప్రార్థన చేసుకున్నారు. ఇంటికి పిలిచిన చుట్టానికి విస్తరి వేయకుండా మనం తిన్నట్టు అనిపించింది నాకు.

ముంచుడు బాప్తిస్మం విలువ నాకు తెలుసు. 1876–78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి పని చూపించారు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సొంత విశ్వాసంతో తీసుకోవాలన్న ఆ పట్టుదల మా పెద్దలది, దాన్ని వదులుకోమని నేను అనడం లేదు. నా పిల్లలకూ అదే నేర్పాను. కానీ బల్ల ప్రభువుది. ఆయన వాక్యం చెప్పడానికి తగిన మనిషి ఆయన రొట్టె తినడానికి ఎందుకు తగడు?

మన పాస్టర్లు ఎంతోమంది చదివిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను 1964లో బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారు కలిసే పెట్టుకున్నారు. ఒకే తరగతిలో కూర్చుని చదివినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోలేకపోవడం నాకు అర్థం కావడం లేదు. అందరం పాడేదీ ఒకటే కీర్తనల పుస్తకం కదా.

బాప్టిస్టు పద్ధతిలో ఇలాంటివి తేల్చుకోవలసింది ఎక్కడికక్కడ ఆ సంఘమే. అందుకే వచ్చే సంఘ కూటంలో దీన్ని చర్చకు పెట్టమని మా పెద్దలను అడిగాను. ఒప్పుకోకపోతే కనీసం అతిథిని మొదటి ఆదివారం కాకుండా వేరే వారం పిలవమన్నాను, ఆయనకు అలాంటి అవమానం మళ్లీ జరగకూడదు. ఒంగోలు, కావలి, నెల్లూరు సంఘాల వాళ్లు మీ దగ్గర ఏం చేస్తున్నారో ఈ శీర్షికకు రాయండి. కూటంలో చదివి వినిపిస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా