మళ్ళీ దుబాయ్ పోవడం లేదు, ఈ సీజన్ పద్ధతులు ఇవీ

మెట్‌పల్లిలో, చుట్టుపక్కల ఊళ్లలో మా ఏసీ, ఫ్రిజ్ షాపు మీద నమ్మకం పెట్టుకున్న అన్నలకు, అక్కలకు, పెద్దలకు నమస్కారం.

గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి మన దగ్గర ఎవరైనా ముందు అడిగేది "ఎప్పుడొచ్చినవ్?" అని, ఆ వెంటనే "మళ్ల ఎప్పుడు పోతవ్?" అని. షాపు తెరిచాక కూడా నన్ను అడుగుతూనే ఉన్నారు. మీ భయం న్యాయమైనదే. ఏసీ బిగించినవాడు నాలుగు నెలలకే విమానం ఎక్కితే వారంటీకి ఎవర్ని పట్టుకోవాలి? నేను సెలవు మీద రాలేదు, వీసా క్యాన్సిల్ చేయించుకుని వచ్చాను. పోయే ఆలోచన లేదు. ఇకమీదట వారంటీ బిల్లు మీదే రాసి సంతకం పెట్టి ఇస్తాను.

అక్కడ కంపెనీ వదిలేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆపైన ఏడాదికి 30 రోజులది, అదీ బేసిక్ జీతం మీదే. బయటివాళ్లు అనుకున్నంత పెద్ద మొత్తమేం కాదు. దాంతో ఇంటిమీద ఇంకో అంతస్తు వేయమన్నారు మావాళ్లు. నేను షట్టర్‌కు అడ్వాన్స్ కట్టి, వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్ కొన్నాను.

"పక్కాయన అరగంటలో బిగించిపోతాడు, నువ్వు ఇంతసేపు ఏం చేస్తవ్?" అని కొందరు అడుగుతున్నారు. ఆలస్యమయ్యేది ఆ పంపు దగ్గరే. కొత్తగా వేసిన రాగి పైపుల్లో గాలి, తేమ ఉంటాయి. వాటిని పంపుతో పూర్తిగా లాగేసి, గేజ్ ముల్లు కదలకుండా నిలబడిందా లేదా చూశాకే గ్యాస్ వదలాలి. లోపల తేమ మిగిలిపోతే అది ఆయిల్‌తో కలిసి యాసిడ్‌గా మారి కంప్రెసర్‌ను తినేస్తుంది. ఆ సంగతి మీకు వెంటనే తెలియదు, రెండేళ్లకు బయటపడుతుంది. గ్యాస్ సంగతీ అంతే. ఏసీ గ్యాస్ వాడుకుంటే అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నురగ పూసి, బుడగ లేచిన చోటు దొరికి, దాన్ని మూశాకే గ్యాస్ నింపుతాను. "ఈసారికి నింపిపో అన్నా" అంటే నింపను. అది మీ డబ్బు గాల్లో కలపడమే.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు మా షాపులో పనిచేసే పిల్లలను డాబా ఎక్కించను. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఆ వేళల్లో ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. ఆ రెండున్నర గంటల నీడ విలువ ఎంతో మిట్ట మధ్యాహ్నం టెర్రస్ మీద అవుట్‌డోర్ యూనిట్ విప్పినవాడికి తెలుస్తుంది. ఎండాకాలం మన దగ్గర అవుట్‌డోర్ యూనిట్ రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఇంకా ఇరవై కూడా దాటలేదు. ఆ టైంలో లోపలి సర్వీసు చేస్తారు, పై పని పొద్దున ఆరింటికే మొదలుపెడతారు. ఉక్కపోతలో ఎదురుచూడడం కష్టమే, అయినా ఈ ఒక్కటి ఒప్పుకోండి.

ఉద్దెర గురించి కూడా మనసులో మాట చెప్పేస్తా. అక్కడ నెల తిరిగేసరికి జీతం పడేది. ఇక్కడ సామాన్లకు నగదు కట్టి నేను తెస్తాను, మీ దగ్గరి నుంచి డబ్బులు రావడానికి నెలలు పడుతోంది. రైతులకు యాసంగి వడ్ల పైసలు ఖాతాలో పడేవరకు ఆగుతాను, ఇబ్బంది లేదు. మిగతావాళ్లు సామాన్ల ఖర్చు ముందే ఇవ్వాలి.

రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ ఎత్తను. మా పాప మాటలు నేర్చిందీ, బడికి పోయిందీ నేను వీడియో కాల్‌లోనే చూశాను. వచ్చిందే ఇంట్లోవాళ్ల దగ్గర ఉండడానికి. అయితే మెడికల్ షాపులవాళ్లు, ఇంట్లో ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకున్నవాళ్లు ఏ రాత్రయినా చేయండి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. మీ నంబర్లు విడిగా సేవ్ చేసుకుంటున్నాను, షాపుకు వచ్చినప్పుడు రాయించండి.