క్రోధి నామ సంవత్సరపు వార్షిక నివేదిక, ఎముకల శనివారాలతో సహా

సభ్యులందరికీ నమస్కారం.

క్రోధి నామ సంవత్సరంలో (2024–25) మన చెన్నై తెలుగు సంఘం చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందుంచుతున్నాను. పేరులో ఉన్న క్రోధం ఏడాది పొడుగునా ఎక్కడా కనిపించలేదు, మేడ కింద స్కూటర్లు నిలిపే చోట తప్ప.

మామూలు పనుల సంగతి ముందు చెప్పేస్తాను. ఆదివారం తెలుగు తరగతులు ఆగకుండా సాగాయి. గుణింతాల దగ్గర మొరాయించిన పిల్లలు ఇప్పుడు చిన్న కథలు చదువుతున్నారు. కార్తీక వనభోజనాలలో పులిహోర మిగిలిపోయింది, పెరుగన్నం చాలలేదు. వంటవారికి ఈసారి ముందే చెబుదాం. సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఎక్కువగా రాయవలసింది చివరి శనివారాల గురించే. పుస్తక గోష్ఠికి మనుషులు రావడం తగ్గిపోయాక, అందరూ టీవీ చూస్తున్నారు కాబట్టి దాని గురించే మాట్లాడుకుందామని కార్యవర్గంలో ఒకరన్నారు. నియమం చిన్నది. నెలకు రెండు భాగాలు ఎవరి ఇంట్లో వాళ్ళు చూసి రావాలి, చివరి శనివారం సాయంత్రం మేడ మీది గదిలో కూర్చోవాలి. ‘బోన్స్’ అనే అమెరికన్ ధారావాహికను ఎంచుకున్నాం. తెలుగు సంఘంలో అమెరికా ఎముకల గోల ఏమిటని ఒక సభ్యులు లిఖితపూర్వకంగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఉత్తరం ఫైలులో ఉంది, జవాబు ఈ నివేదికలోనే ఎక్కడో దొరుకుతుందని నా ఆశ.

చూడనివారి కోసం నాలుగు మాటలు. 2005 సెప్టెంబరులో ఫాక్స్ ఛానల్‌లో మొదలై 2017 మార్చి దాకా 12 సీజన్లు, 246 భాగాలు నడిచింది. టెంపరెన్స్ బ్రెన్నన్ ఎముకలు చూసి మనిషి వివరాలు చెప్పే శాస్త్రవేత్త. సీలీ బూత్ ఎఫ్‌బీఐ అధికారి, ఒకప్పుడు సైన్యంలో గురిచూసి కాల్చే పని చేసినవాడు. తాను తీసిన ప్రాణాలెన్నో కనీసం అంతమంది హంతకులనైనా పట్టుకోవాలన్నది అతని లెక్క. ప్రయోగశాలలో ఉన్నవాళ్ళందరికీ అతను కళ్ళు చికిలించేవాళ్ళని పేరు పెట్టాడు. ఆ గుంపులో పురుగులూ మట్టీ చూసే హాడ్జిన్స్, పుర్రెకు ముఖం గీసే యాంజెలా, పుస్తకం తప్ప లోకం తెలియని జాక్ ఉన్నారు. దీనికి ప్రేరణ క్యాథీ రైక్స్ నవలలూ, ఆమె వృత్తీ. ఆమె నిజంగానే ఎముకల నిపుణురాలు. తెర మీది బ్రెన్నన్ కూడా నవలలు రాస్తుంది, ఆ నవలల్లో కథానాయిక పేరు క్యాథీ రైక్స్! ఈ సంగతి తెలిసిన రోజు గదిలో ఐదు నిమిషాల పాటు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు.

జూలైలో ఒక చిన్న పరీక్ష పెట్టాను. పోయిన నెల చూసిన రెండు భాగాలలో హంతకులు ఎవరని అడిగాను. ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు, నాతో సహా. అయితే బ్రెన్నన్ ఎక్కడ మొరటుగా మాట్లాడిందో, బూత్ దానికి ముఖం ఎలా పెట్టాడో అందరికీ పూసగుచ్చినట్టు గుర్తుంది. అప్పటి నుంచి నా అభిప్రాయం మారలేదు. ఈ కథలో హత్య అనేది పెళ్ళికి పందిరి లాంటిది. పందిరి లేకపోతే జనం చేరరు, చేరినవాళ్ళెవరూ పందిరిని చూడరు. తమ పని క్షుణ్ణంగా తెలిసిన నలుగురు ఒకరినొకరు మాత్రం ప్రతివారం తప్పుగా అంచనా వేసుకుంటూ ఉంటే చూడడంలోనే రుచి ఉంది.

ఎవరైనా సినిమా సంగతో, సామెతో, చమత్కారమో అన్నప్పుడు బ్రెన్నన్ ‘దాని అర్థం నాకు తెలియదు’ అంటుంది. చిన్నబోదు, ఉన్నమాట చెబుతుంది. తొమ్మిదో తరగతి చదివే మన సభ్యుల అమ్మాయి ఒకసారి, ‘బడిలో స్నేహితులు పాత తమిళ సినిమా సంభాషణలు చెబితే నేను బ్రెన్నన్‌ని, ఇంట్లో నాయనమ్మ సామెత చెప్పినా నేనే బ్రెన్నన్‌ని’ అంది. నాయనమ్మ ఆ రోజు అన్న సామెత ‘అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు’. ఏ అత్త, ఎంత సొమ్మని పిల్ల నిజంగానే అడిగిందట. ఆదివారం తరగతిలో సామెతలకు పావుగంట కేటాయించాలన్న తీర్మానం వెనక ఉన్న కథ ఇదే.

ఆగస్టు 31 సమావేశం అన్నిటికంటే పెద్దది. వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి రిటైరైన డాక్టరు గారు మా అందరి చేతా గొంతు గుంట పక్కన వేలు పెట్టించారు. ‘అది కంటె ఎముక కొస. ఎదిగే వయసులో విడిగా ఉండే ఎముకల కొసలు తరవాత అతుక్కుంటాయి. ఒంట్లో అన్నిటికంటే ఆలస్యంగా అతుక్కునే చోటు అదే, ముప్ఫై దగ్గర పడితే గాని పని పూర్తి కాదు. చనిపోయిన మనిషి పాతికలోపా, పైనా అని చెప్పడానికి అది చూస్తాం’ అన్నారు. ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు చాలాసేపు వేలు తీయలేదు. ‘ఇంకా అతుక్కోలేదు నాయనా, తొందరపడకు’ అని డాక్టరు గారు నవ్వారు.

ఆ సాయంత్రమే మద్రాసు వ్యాపారి ఆళవందార్ హత్యకేసు మాట కూడా వచ్చింది. 1952 ఆగస్టు చివరలో ఎగ్మూరు నుంచి ధనుష్కోటి వైపు వెళ్ళే బోట్ మెయిల్‌లోని ఒక ట్రంకు పెట్టెను, వాసన భరించలేక మానామదురైలో దించి తెరిచారు. లోపల తల లేని శరీరం ఉంది. తల రాయపురం ఇసుకలో దొరికింది. మద్రాసు వైద్య కళాశాల ఆచార్యులు ఆ తలను పరీక్షించి చెవికున్న రెండు కుట్లనూ, ఒకదాని మీదకి ఒకటి ఎక్కిన పళ్ళనూ గమనించారు. మనిషి ఎవరో తేల్చడానికి అవి పనికొచ్చాయి. తన తండ్రి ఆ కేసును రోజూ పేపర్లో చదివేవారని ఒక పెద్దాయన చెప్పారు. శిక్ష ఎంత పడిందో ఆయనకు గుర్తులేదు, చెవి కుట్లు గుర్తున్నాయి. నా జూలై పరీక్షకు ఇంతకంటే మంచి సాక్షి దొరకడు. ఉత్తరం రాసిన సభ్యులు ఇంకొకటి కూడా గమనించాలి. దేశంలో మొదటి రసాయన పరీక్షల ప్రయోగశాల 1849లో వెలసింది మన మద్రాసులోనే.

అంతా మెచ్చుకోలే కాదు. యాంజెలా గాలిలో బొమ్మలు తిప్పి చూపే యంత్రం మీద మా గదిలో ఎవరికీ నమ్మకం లేదు. గంటలోపు పరీక్షల ఫలితాలు వచ్చేయడం చూసి, రక్తపరీక్ష రిపోర్టు కోసం రెండు రోజులు తిరిగిన ఒకావిడ గట్టిగానే నిట్టూర్చారు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలి. అంతమంది నిపుణులు ఎక్కడి నుంచి వస్తారన్న చర్చ కాఫీ చల్లారేదాకా సాగి, తెగలేదు.

నవంబరు 30న ఫెంజల్ తుపాను వల్ల కూడలేదు. డిసెంబరులో నాలుగు భాగాలూ కలిపి మాట్లాడుకున్నాం, హడావుడిగా.

ఇక మార్చి 29, ఉగాది ముందురోజు. కోశాధికారి గారి అమ్మగారు మొదటి నుంచీ కొడుకు వెంట వస్తూనే ఉన్నారు. ‘శనివారం పూట శవాల కబుర్లు నేను వినను’ అని గుమ్మం బయట కుర్చీ వేయించుకుని ఏదో ఒక కూర బాగుచేస్తూ కూర్చునేవారు. ఆ రోజు చిక్కుడుకాయలు. మేము మొదటి సీజన్ చివరి భాగం గురించి మాట్లాడుతున్నాం. బ్రెన్నన్‌కు పదిహేనేళ్ళప్పుడు తల్లిదండ్రులు మాయమైపోయారు. ఆమె పనిచేసే సంస్థలో పేరు తెలియని అస్థిపంజరాలను దాచే గది ఒకటుంది. అక్కడి పుర్రెల్లో ఒకదానికి యాంజెలా ముఖం తెప్పిస్తుంది. అది బ్రెన్నన్ తల్లి ముఖం.

బయట ఈనెలు తీస్తున్న చప్పుడు ఆగింది. ‘అయితే ఆ తల్లి ఇన్నాళ్ళూ పిల్ల పనిచేసే చోటే ఉందా?’ అని గుమ్మంలోంచి ప్రశ్న వచ్చింది. ఉందన్నాం. ‘రోజూ ఆ గది ముందు నుంచే నడిచి ఉంటుంది కదూ’ అన్నారామె. చిక్కుడుకాయల పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చి, డాక్టరు గారి పక్కన కూర్చున్నారు. ఆ భాగంలో హంతకుడెవరన్న మాట ఆ సాయంత్రం ఎవరూ ఎత్తలేదు.

రెండో సీజన్ మే 31న మొదలవుతుంది. అందులో 21 భాగాలున్నాయి, నెలకు రెండు చొప్పున చూస్తే ఒక నెలకు ఒక్కటే మిగులుతుంది. ఆ నెల మిగతా సమయంలో డాక్టరు గారు వెన్నుపూసల గురించి చెబుతామన్నారు. రాదలచినవారు ముందుగా పేర్లు ఇవ్వండి, కుర్చీలు చాలడం లేదు.

— కార్యదర్శి