ప్రతి క్లిక్కూ లెక్క కాదు

సంపాదకులకు నమస్కారం.

మంగళగిరి, పోచంపల్లి చీరలను సొంత వెబ్‌సైట్‌లో అమ్మే చిన్న వ్యాపారులు చాలామంది గూగుల్ అనలిటిక్స్ (సైట్‌కు వచ్చినవారు ఏం చేశారో లెక్కగట్టే సాధనం) పెట్టగానే దొరికిన ప్రతి క్లిక్కునూ నమోదు చేయిస్తున్నారు. ఏ అంకె మారితే మనం ఏ పని మారుస్తామో ముందు కాగితం మీద రాసుకోవాలి. జవాబు దొరకని అంకెను వదిలేయడమే మేలు. చీర పేజీ చూసినవారు, బుట్టలో వేసినవారు, చెల్లింపు మొదలుపెట్టినవారు, కొన్నవారు. మొదట ఈ నాలుగు చాలు. మూడో మెట్టు దాకా వచ్చి వెనక్కి పోతుంటే డెలివరీ చార్జీ చివర్లో చూపడమో, ఫోన్‌లో యూపీఐ తెరుచుకోకపోవడమో కారణం కావచ్చు.

అనలిటిక్స్‌లో నమోదయ్యే ప్రతి కొనుగోలుకు ఆర్డర్ నంబరు తప్పక జతచేయాలి. లేకుంటే 'ధన్యవాదాలు' పేజీని రిఫ్రెష్ చేసినప్పుడు ఒకే చీర రెండుసార్లు అమ్ముడైనట్టు పడుతుంది. వాట్సాప్ లింకుల యూటీఎం ట్యాగుల్లో (కొనుగోలుదారు ఎక్కడి నుంచి వచ్చారో తెలియడానికి లింకు చివర చేర్చే పదాల్లో) ఇంగ్లిష్ చిన్నక్షరాలే వాడాలి. ఒక్క పెద్దక్షరం పడినా అదే వాట్సాప్ నివేదికలో రెండు వరుసలుగా చీలిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం వేరే ఉంది. ఫారం నింపాక పేజీ అడ్రసులోనే కొనుగోలుదారు ఫోన్ నంబరు కనిపిస్తే, అది నేరుగా అనలిటిక్స్‌లోకి పోతుంది. ఇది గూగుల్ నిబంధనలకే విరుద్ధం. అవసరమైన మేరకే వ్యక్తిగత సమాచారం తీసుకోవాలన్నది మన 2023 డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా.

మరొకటి: అనలిటిక్స్‌లో లోతుగా పరిశీలించడానికి మనమే తయారుచేసుకునే నివేదికలైన ఎక్స్‌ప్లోరేషన్లలో డేటా నిల్వ ఉండే గడువు మొదట 2 నెలలే ఉంటుంది. పెట్టిన రోజే 14 నెలలకు మార్చకపోతే, పోయిన దసరా అమ్మకాలతో ఈ దసరావి అక్కడ పోల్చి చూడలేరు.

– ఒక వెబ్ అనలిటిక్స్ నిపుణుడు, విజయవాడ