డైవ్ కంప్యూటర్ కొనేముందు బ్యాటరీ మూత చూడండి

సంపాదకులకు,

రుషికొండలోనో అండమాన్‌లోనో స్కూబా నేర్చుకున్నవారు మొదటి డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం చూసి ఒంట్లో చేరే నైట్రోజన్‌ను లెక్కగట్టే పరికరం) కోసం రంగుల తెరకు డబ్బు పోయనక్కర్లేదు. క్రెస్సీ లియోనార్డో, మారెస్ పక్ ప్రో లాంటి ఒంటి బటన్ రకాలు చాలు. నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) లెక్క కూడా కడతాయి.

బ్యాటరీ మాత్రం మనమే మార్చుకునేలా ఉండాలి. మూత కింద నీటిని ఆపే రబ్బరు ఓ-రింగ్‌పై వెంట్రుక పడినా నీరు దూరి బోర్డు పోతుంది. కొత్త రింగ్ వేసి, సిలికాన్ గ్రీజు మెరుపు కనిపించేంత పలుచగా రాయాలి. పాతది కొంటుంటే బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము కనిపిస్తే వదిలేయండి.

దయచేసి ఇద్దరూ ఒకే కంప్యూటర్‌తో దిగకండి. తోటివారికన్నా రెండు మీటర్లు లోతుగా ఉన్నవారి ఒంట్లో నైట్రోజన్ లెక్క వేరు. డైవ్‌కీ డైవ్‌కీ మధ్య చేతులు మారినా అంతే, మొదటి డైవ్‌లో చేరిన నైట్రోజన్ రెండో మనిషి లెక్కలోకి వెళ్తుంది.

ఇట్లు
ఒక స్కూబా శిక్షకుడు, విశాఖపట్నం