జున్ను తరఫున, మా ఇంటిల్లిపాది తరఫున కృతజ్ఞతలు

మా పిల్లి జున్నుకు వైద్యం ముగిశాక పెట్టిన పరిశీలన గడువు కూడా పూర్తయింది. మొన్న చేయించిన రక్తపరీక్ష చూసి, ఇక భయం లేదని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట విన్నాకే రాయాలని ఇన్నాళ్లు ఆగాను. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ మాకు సాయపడిన వాళ్లు చాలామంది ఉన్నారు. కొందరికి చేతులు పట్టుకుని చెప్పగలిగాను, కొందరి ముఖం ఇప్పటికీ చూడలేదు. అందరికీ ఇక్కడ చెప్పుకుంటున్నాను.

జున్నుకు వచ్చింది ఎఫ్‌ఐపీ. పూర్తిపేరు ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటొనైటిస్. పిల్లుల్లో మామూలుగా తిరిగే ఒక కరోనా వైరస్ చాలావాటికి కాస్త విరేచనాలతో పోతుంది. ఏ కొద్దింటిలోనో ఒంట్లోనే రూపు మార్చుకుని ప్రాణం మీదికి తెస్తుంది. రెండేళ్లలోపు పిల్లులకే ఎక్కువగా వస్తుంది. మనుషులకు అంటదు. కోవిడ్ తెచ్చిన వైరస్ వేరు, ఇది వేరు. ఈ సంగతి ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, కరోనా అన్న పేరు వినగానే మా వీధిలో ఒకరిద్దరు హడలిపోయి పిల్లిని ఎక్కడైనా వదిలేసి రమ్మన్నారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చుని ఓపికగా నచ్చజెప్పింది గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్న మా వీధి అమ్మాయి. ఆ అమ్మాయికి మేము పడిన రుణం అక్కడితో అయిపోలేదు, కింద చెబుతాను.

జబ్బు మొదట బయటపడింది వాడి నడవడిలోనే. నేను బడి నుంచి వచ్చే వేళకు గేటు మీద కూర్చుని ఉండేవాడు, రావడం మానేశాడు. కిటికీ గట్టు ఎక్కడం మానేశాడు. బియ్యం డ్రమ్ము వెనక ఇరుకులో గోడవైపు ముఖం పెట్టి గంటల తరబడి కూర్చునేవాడు. మా అత్తయ్య ఒకరోజు వాడి వీపు నిమిరి, వెంట్రుకలు గుత్తులుగా అంటుకుపోయి ఉండటం చూశారు. "వీడు ఒళ్లు నాక్కోవడం మానేశాడమ్మా. పిల్లి ఆ పని మానిందంటే ఒంట్లో బాగా లేనట్టే. రేపటిదాకా ఆగొద్దు" అన్నారు. పొట్ట ఉబ్బుతూ ఉంటే వెన్నెముక మాత్రం చేతికి తగులుతోంది. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లాం. మొదటి నమస్కారం మా అత్తయ్యకే.

డాక్టరు గారు పొట్టలోంచి సూదితో కొంచెం నీరు తీశారు. పసుపుపచ్చగా, వేళ్ల మధ్య తీగ సాగేలా ఉంది. గాజుగొట్టంలో శుద్ధి చేసిన నీళ్లు పోసి, అసిటిక్ ఆమ్లం ఒక చుక్క కలిపి, పైనుంచి ఆ పసుపు బొట్టును వదిలారు. అది నీళ్లలో కలవలేదు. ఆకారం చెడకుండా మెల్లగా అడుక్కి దిగింది. దీన్ని రివాల్టా పరీక్ష అంటారని, బొట్టు అలా నిలిస్తే ఈ జబ్బును అనుమానించాలని, అయినా ఇదొక్కటే చూసి జబ్బు తేల్చకూడదని చెప్పి, రక్తంలో అల్బుమిన్, గ్లోబులిన్ అనే ప్రొటీన్ల నిష్పత్తి కూడా చూశారు. అది 0.8 దాటితే ఈ జబ్బు కాకపోవడానికే ఎక్కువ అవకాశం, 0.4 కంటే తగ్గితే అనుమానం బలపడుతుంది. మా వాడిది బాగా తగ్గి ఉంది.

అప్పుడు ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన తీరు ఎన్నటికీ మరవలేను. కొన్నేళ్ల కిందట అయితే ఈ జబ్బుకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదని, ఇప్పుడు మందు ఉందని చెప్పారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందు ఇచ్చి చూసిన 31 పిల్లుల్లో 25 దీర్ఘకాలం బతికాయని, ఆ ఫలితాలు 2019లో వచ్చాయని వివరించారు. కోవిడ్ రోజుల్లో అందరూ విన్న రెమ్డెసివిర్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఈ పదార్థంగానేనట. 84 రోజులు, ఒక్క పూట కూడా తప్పకుండా ఇవ్వాలి. "మందు నేను రాస్తాను. వాడు ఎలా ఉంటున్నాడో మీరు రాయండి" అని ఒక నోటుపుస్తకం పెట్టమన్నారు. ఎక్కడ పడుకున్నాడు, ఎంత తిన్నాడు, ఎవరి దగ్గరికి వెళ్లాడు, ఎవరిని చూసి పారిపోయాడు, అన్నీ రాయమన్నారు.

జ్వరం రెండు మూడు రోజుల్లోనే దిగింది. ఆకలి పుట్టింది. ఇంక గట్టెక్కాం అనుకుంటూ ఉండగా వాడి ప్రవర్తన మళ్లీ మారింది, ఈసారి నా మీదకు. మొదట్లో ఇచ్చిన ఇంజెక్షన్లు బాగా మండుతాయి. తర్వాత మాత్రలకు మారినా, ఇచ్చేది నేనే. అట్ట నుంచి మాత్ర తీసే చప్పుడుకే చెవులు వెనక్కి వాల్చి బుస్సుమనేవాడు. నేను వంటింట్లోకి అడుగుపెడితే లేచి వెళ్లిపోయేవాడు. పాలపీక పట్టి పెంచిన పిల్ల నా నీడ పడితే మంచం కిందకు దూరడం ఎంత కష్టంగా ఉంటుందో, అలా పెంచుకున్న వాళ్లకే తెలుస్తుంది. వాడి ఇసుక ట్రేలో ఉచ్చ పోయడం మానేసి గుమ్మం పక్కన పోసేవాడు. వాడికి బతకాలని లేదేమో, మనమే హింసిస్తున్నామేమో అని మా ఆయన ఒకరాత్రి అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

గరివిడి అమ్మాయి ఆ ఆదివారం వచ్చి వంటింటి గడప మీద చాలాసేపు ఊరికే కూర్చుని వాడిని చూసింది. తర్వాత ఒక్కొక్కటీ చెప్పింది. "అక్కా, వాడికి మీ మీద కోపం లేదు. ఆ చోటు మీద, ఆ వేళ మీద భయం. ఆ రెండూ మార్చేద్దాం." బియ్యం డ్రమ్ము వెనక ఉన్నప్పుడు ఎవరూ వాడిని లాగకూడదంది. అక్కడ మందు ఉండదని వాడికి నమ్మకం కుదరాలట. అన్నం పెట్టే చేయి, మందు వేసే చేయి వేరుగా ఉండాలంది. మందు మా ఆయన తీసుకున్నారు, తిండి, ఆట నాకు వదిలేశారు. మాత్రలు అవతలి గదిలో ముందే తీసి ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి ఉంచడం, తువ్వాలు చుట్టి పట్టుకోవడం, మింగాక గొంతులో ఆగిపోకుండా సిరంజితో కాసిని నీళ్లు పట్టడం, వెంటనే ఇష్టమైన ముక్క ఒకటి పెట్టడం అన్నీ తన చేతులతో చేసి చూపించింది. ట్రే సంగతి ఇంకా తేలిక. ఉబ్బిన పొట్టతో అంత ఎత్తు గట్టు దాటలేకపోతున్నాడని, అంచు తక్కువ ఉన్న వెడల్పాటి పళ్లెం పెట్టమని చెప్పింది. పెట్టిన రోజు నుంచే గుమ్మం పక్కన పోయడం ఆగిపోయింది.

కొన్నాళ్లకు, నేను నేల మీద కూర్చుని పేపర్లు దిద్దుతుంటే, డ్రమ్ము వెనక నుంచి వచ్చి నాకు రెండడుగుల దూరంలో ఆగాడు. కుడి ముందు కాలు ఎత్తి ఒకసారి నాకాడు, ఆగి నన్ను చూశాడు, మళ్లీ నాకాడు. తర్వాత మోచేతి దాకా, ఆపైన చెవి వెనక దాకా. నేను కదలలేదు. ఆ రోజు నోటుపుస్తకంలో ఆ ఒక్క సంగతే రాశాను. అది చదివి డాక్టరు గారు పైకే నవ్వేశారు.

మందు మధ్యలో అందకుండా పోయే పరిస్థితి వచ్చింది. రావలసిన మాత్రలు ఆలస్యమయ్యాయి, మా దగ్గర రెండు పూటలకే ఉన్నాయి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టరు గారు తెలిసిన వాళ్లందరికీ ఫోను చేస్తే, శ్రీకాకుళంలో అరసవల్లి వైపు ఉండే ఒక తల్లీకూతుళ్ల దగ్గర అదే మందు ఉందని తెలిసింది. వాళ్ల పిల్లి వైద్యం సగంలో ఉండగానే పోయింది. అది పోయి వారం తిరగకముందే, ఎవరో తెలియని మా కోసం, ఆ మాత్రల డబ్బా ఆర్టీసీ కార్గోలో పంపారు. డబ్బు తీసుకోలేదు. డబ్బా మీద "మీ వాడైనా బాగుండాలి" అని రాసి ఉంది. అమ్మా, మా వాడు బాగున్నాడు. మీ పిల్ల పేరు మాకు తెలుసు, మా ఇంట్లో రోజూ అనుకుంటాం.

ఒక రాత్రి కుర్చీ మీదికి ఎగరబోయి పడిపోయాడు. ఈ జబ్బు మెదడుకో కళ్లకో పాకితే నడక తూలడం, తల ఒక పక్కకు వాలడం, కంటిపాపల్లో తేడా రావడం ఉంటాయని, అవి కనిపిస్తే మందు మోతాదే మార్చాలని మాకు ముందే హెచ్చరించి ఉన్నారు. అర్ధరాత్రి వీడియో పంపితే డాక్టరు గారు అప్పుడే చూశారు. నడిపించమన్నారు, దీపం వేసి కళ్లు చూపించమన్నారు. వెనక కాళ్లలో కండ తరిగిపోవడం వల్ల పడ్డాడని తేల్చి, తెల్లారి మళ్లీ స్వయంగా పరీక్షించారు. ఆ వేళకు ఫోను ఎత్తడం ఆయన జీతంలో పని కాదు.

పైడితల్లి అమ్మవారి పండుగ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. సిరిమాను ఊరేగింపుకు ముందురోజు, తొలేళ్ల నాటికి మా ఇల్లంతా చుట్టాలే. పక్కింటి పిన్నిగారు తమ ఇంట్లో వెనక గది ఖాళీ చేసి, జున్నునీ, వాడి పళ్లేన్నీ, వాడి గోనెసంచినీ అక్కడికి మార్పించారు. సిరిమాను చూడటానికి కూడా వెళ్లకుండా వాడికి కాపలా కూర్చున్నారు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా కోడిమాంసం ఉడికించి పెట్టింది కూడా ఆవిడే. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషమని తెలిశాక తన వంటపాత్ర ఒకటి వాడికే విడిగా పెట్టేశారు. దీపావళికి మా వీధి పిల్లలు టపాసులన్నీ మలుపు అవతల మైదానంలో కాల్చుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు, అడిగితే సరే అన్నారు. ఆ పిల్లలకు నా ముద్దులు.

బరువు పెరిగే కొద్దీ మోతాదు పెంచాలి కాబట్టి వారం వారం తూకం కావాలి. మలుపులోని కిరాణా కొట్టు అన్నయ్య ప్లాస్టిక్ బుట్టలో వాడిని కూర్చోబెట్టి తన ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, ఆ అంకెను కొట్లో క్యాలెండరు మీద రాసి పెట్టేవారు. బేరం వేళైనా విసుక్కోలేదు. డబ్బు సర్దిన మా బడి టీచర్లకు విడిగా చెప్పుకున్నాను.

ఇప్పుడు జున్ను వేరే మనిషి. జబ్బుకు ముందు ఒళ్లో కూర్చునే అలవాటే లేదు, ఇప్పుడు దించితే ఒప్పుకోడు. తెల్లవారుజామునే అరిచి లేపుతాడు. అత్తయ్య బీపీ మాత్ర తీస్తే మాత్రం ఇప్పటికీ అవతలి గదిలోకి పోతాడు. అందుకని ఆవిడ తన మాత్రలు పెరట్లోకి వెళ్లి తీసుకుని వేసుకుంటున్నారు.

మా దగ్గర కొన్ని మాత్రలు మిగిలాయి, గడువు తేదీ ఇంకా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరి పిల్లికైనా ఈ జబ్బని పరీక్షల్లో తేలితే, డాక్టరు రాసిన చీటీ, పిల్లి బరువు నాకు పంపండి. మా డాక్టరు గారికి చూపించి, ఆయన సరేనన్న రోజే కార్గోలో వేస్తాం. ఖర్చు మాదే. వాడికి వాడిన వెడల్పాటి పళ్లెం, నోటుపుస్తకం కావాలన్నా తీసుకెళ్లవచ్చు.