చిన్నోడా, ఆ స్టేట్‌మెంట్ ఇప్పుడే పోస్ట్ చెయ్యకు

ఒరేయ్ చిన్నోడా,

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పిందంతా విని సర్లే పడుకో అన్నా గానీ నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే లేచి ఇది టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోన్లో అయితే మధ్యలో "అది కాదమ్మా" అని అందుకుంటావు, ఇక్కడ నన్ను ఆపలేవుగా.

నువ్వు చెప్పింది ఇదీ. మీ టీమ్‌లో అందరికన్నా బాగా ఆడే కుర్రాడి మీద వాళ్ళావిడ కొడుతున్నాడని పోలీస్ కంప్లైంట్ ఇచ్చింది. సెమీస్‌కి ఇంకా మూడు వారాలే ఉంది. మీ ప్రెసిడెంట్ గారేమో "మా ప్లేయర్ వెంటే ఉన్నాం, ఇది వాళ్ళ కుటుంబ విషయం" అని రాయించి నీ చేతికిచ్చి సాయంత్రం లోపు పోస్ట్ చెయ్యమన్నారు. నువ్వు టీమ్ మేనేజర్‌వి, పైగా వాడితో ఆరేళ్ళ స్నేహం. "వాడు అలాంటోడు కాదమ్మా, కేసు తేలకుండా మనమెలా తప్పు పడతాం" అన్నావ్.

కేసు తేలేదాకా తప్పు పట్టొద్దు, ఒప్పుకుంటా. కానీ ఆ రెండు లైన్లు ఇంకోసారి చదువు, కేసు తేలకముందే ఆమె అబద్ధాలకోరని మీరే తేల్చేస్తున్నారు కదరా. ఇక "వాడు అలాంటోడు కాదు" అనేది, వాడు నీతో అలాంటోడు కాదు, అంతవరకే నీకు తెలుసు. తలుపేసుకున్నాక ఎలా ఉంటాడో ఆ ఇంట్లో వాళ్ళకి తెలియాలి. వాడు కొట్టాడని నేననట్లేదు, నీకు తెలీదు అంటున్నా, నాకూ తెలీదు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తా. నీ చిన్నప్పుడు నేను ఒక క్లబ్ ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని గుర్తుందా, స్కూల్ అయ్యాక వచ్చి నా టేబుల్ కింద కూర్చుని బొమ్మలేసుకునేవాడివి. ఆ ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఒకరోజు మధ్యాహ్నం ఒక ప్లేయర్ భార్య వచ్చి, ఆయన జీతంలో కొంత నా అకౌంట్లో పడేలా చెయ్యగలరా మేడం అని అడిగింది. ఎందుకమ్మా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత చున్నీ పక్కకి జరిపి మెడ దగ్గర చూపించింది.

నేనేం చేశానో తెలుసా, పెద్ద మేలు చేస్తున్నా అనుకుని ఆమె ఇంకా గేటు దాటకముందే సెక్రటరీ గారి గదిలోకి పోయి చెప్పేశా. ఆయన చెడ్డమనిషేం కాదు, అయ్యో పాపం అన్నాడు, అని వెంటనే గ్రౌండ్ నుంచి అతన్ని పిలిపించి నా ఎదురుగానే "ఏంటయ్యా, మీ ఆవిడ ఆఫీసు దాకా వచ్చింది, కాస్త చూసుకో, క్లబ్ పరువు పోతుంది" అన్నాడు. అతను తలూపి నవ్వాడు, నాకేసి కూడా చూసి నవ్వాడు. ఆ వారం ఫ్యామిలీ ఫంక్షన్‌కి అందరి భార్యలూ వచ్చారు, ఆమె రాలేదు. జ్వరం అన్నాడు. తర్వాత ఆమెని నేను మళ్ళీ చూడలేదు. ఆ ఏడాది కప్పు మాదే, టీమ్ ఫోటోలో నేను కూడా చివర్లో నిలబడి ఉన్నా.

అందుకని మీ వాడి సంగతి కన్నా ముందు నాకు ఆమె సంగతే గుర్తొస్తోంది. ఈపాటికి మీ క్లబ్‌లో ఎవరెవరు ఆమెకి ఫోన్ చేశారో కనుక్కో. కెప్టెన్ భార్యని రాయబారానికి పంపే ఐడియా ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది, "కేసు వెనక్కి తీసుకో, వాడి కెరీర్ పోతుంది, పిల్లల మొహం చూడు" అని. అది ఆపు ముందు. ఇలాంటి విషయాల్లో ఆడమనిషికి ఎక్కువ ప్రమాదం ఉండేది బయటికి చెప్పినప్పుడు, విడిపోదామని కదిలినప్పుడు, మీరంతా అప్పుడే వెళ్ళి ఆమె తలుపు కొడితే ఎలా. క్లబ్ తరఫున మాట్లాడేది ఒక్కరే ఉండాలి, ఆ మనిషికి టీమ్ గెలుపోటములతో సంబంధం ఉండకూడదు, ఇలాంటి కేసులు చూసిన బయటి కౌన్సిలర్ అయితే ఇంకా మంచిది. వెళ్ళి అడగాల్సింది కూడా నిజమా అబద్ధమా అని కాదు. ఈ రాత్రికి ఎక్కడ ఉంటున్నావు, ఆ ఇల్లు క్లబ్ ఇచ్చిందే కదా, అందులో ఎవరు ఉండాలి ఎవరు బయటికి రావాలి, చేతిలో డబ్బుందా, పిల్లల స్కూల్ దారిలో అతను ఎదురుపడతాడని భయమా, ఇవీ అడగాల్సినవి. ఆమె ఏం చెప్పినా తిరిగి వాడి చెవిన పడకూడదు. నేను చేసిన తప్పు అదే కాబట్టి అంత గట్టిగా చెప్తున్నా.

ఇక స్టేట్‌మెంట్లంటావా, 2014 లో అమెరికాలో బాల్టిమోర్ రేవెన్స్ అనే ఫుట్‌బాల్ క్లబ్ చేసింది చూడు. వాళ్ళ ప్లేయర్ రే రైస్ ఒక కాసినో లిఫ్ట్‌లో కాబోయే భార్యని కొట్టాడు, స్పృహ తప్పిన ఆమెని లిఫ్ట్ బయటికి ఈడ్చుకొస్తున్న వీడియో కొన్ని రోజులకే బయటికొచ్చింది. ఫిబ్రవరిలో జరిగింది ఇది. తర్వాత పెళ్ళి చేసుకున్నారు. మేలో క్లబ్ ఏం చేసిందంటే ప్రెస్ మీట్ పెట్టి ఆమెని కూడా పక్కన కూర్చోబెట్టింది, ఆ రాత్రి తన వంతు తప్పుకి ఆమె చాలా బాధపడుతోందని క్లబ్ అకౌంట్ నుంచే ట్వీట్ కూడా చేసింది. దెబ్బలు తిన్న మనిషి చేత! జులైలో లీగ్ వేసిన శిక్ష రెండు మ్యాచ్‌లు. సెప్టెంబర్లో లిఫ్ట్ లోపలి వీడియో, అంటే ఆ దెబ్బ పడటం కనపడేది, ఒక వెబ్‌సైట్‌లో వచ్చింది, అంతే, అదే రోజు క్లబ్ అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది.

ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా అతను చేసిన పని మారలేదు, చూసిన జనం సంఖ్య మారింది. ఇంకో తమాషా విను, నవంబర్లో ఆ సస్పెన్షన్ కూడా చెల్లలేదు, ఒకే తప్పుకి రెండుసార్లు శిక్షేంటని ఆర్బిట్రేటర్, అదే తగువు తీర్చే మధ్యవర్తి, కొట్టేసింది, ఆవిడ పాత జడ్జి. అంటే ముందు దాచిపెట్టి తర్వాత కోపంతో ఊగిపోతే రెండూ నిలబడవు. మీ ప్రెసిడెంట్ గారికి ఇది చెప్పు, ఆయనకి పరువు మాట బాగా ఎక్కుతుందిగా.

నువ్వడిగిన దానికి వస్తా, మరి ఆడనివ్వాలా వద్దా అని. నాకు తెలిసినంతలో ఆస్ట్రేలియా రగ్బీ లీగ్, అదే ఎన్ఆర్ఎల్, 2019 లో పెట్టిన రూల్ చూడదగ్గది. 11 ఏళ్ళు లేదా అంతకన్నా ఎక్కువ జైలు పడే నేరం కింద ఛార్జ్ పడితే ఆ ప్లేయర్ ఆటోమేటిక్‌గా మ్యాచ్‌లకి దూరం. అంతకంటే చిన్న ఛార్జ్ అయినా ఆడవాళ్ళ మీదో పిల్లల మీదో హింస అయితే పక్కన పెట్టే అధికారం లీగ్ పెద్దకి ఉంది. కానీ జీతం ఆగదు, టీమ్‌తో ప్రాక్టీస్ చెయ్యొచ్చు, తప్పు చేశాడని ఎక్కడా అనరు. దాన్ని నో ఫాల్ట్ అంటారు. బస్సు డ్రైవర్ మీద కేసుంటే తేలేదాకా స్టీరింగ్ ఇవ్వరు చూడు, అలాగన్నమాట.

దీనికీ ఖరీదు ఉంది, దాచను. ఆ రూల్‌తో మొదట ఆగిపోయిన ఒక ప్లేయర్ కోర్టుకెళ్ళి ఓడిపోయాడు, అతనిది ఇంటి గొడవ కాదు, లైంగిక దాడి ఆరోపణ. రెండుసార్లు విచారణ జరిగింది, రెండోసారి ఒక్క ఆరోపణ మీద నిర్దోషి అన్నారు, మిగతావాటి మీద జ్యూరీ ఒక మాట మీదకి రాలేదు, చివరికి 2021 లో ప్రాసిక్యూషన్ కేసు వదిలేసింది. రెండు సీజన్లకి పైనే పోయాయి అతనికి, ప్లేయర్ కెరీర్‌లో రెండు సీజన్లంటే మాటలా. అది తలుచుకుంటే నాకూ కష్టంగానే ఉంటుంది, అయినా ఆ రూలే మేలంటా, ఎందుకంటే అది స్టార్‌కీ బెంచ్ మీద కుర్రాడికీ ఒకేలా పడుతుంది, పేరు బయటికి రాకముందే రాసిపెట్టి ఉంది. మీ దగ్గర అసలు కాగితమే లేదు, అందుకే ఇప్పుడు ఏం చేసినా వాడి ఫామ్ చూసి చేసినట్టే ఉంటుంది.

ఛార్జ్ పడకపోతేనో అంటావ్. అమెరికా బేస్‌బాల్ వాళ్ళు 2015 లో దానికీ దారి వేశారు, ప్లేయర్ల యూనియన్‌ని కూర్చోబెట్టి, వాళ్ళ సంతకంతో. ఆరోపణ రాగానే 7 రోజుల వరకు జీతంతో పక్కన పెట్టొచ్చు, ఈలోపు విచారణ, కోర్టులో శిక్ష పడకపోయినా కమిషనర్, అంటే లీగ్ పెద్ద, చర్య తీసుకోవచ్చు, దాని మీద ప్లేయర్ అప్పీల్ చెయ్యొచ్చు. ఆరోల్డిస్ చాప్‌మన్ అనే పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, 2016 లో అలాగే 30 మ్యాచ్‌లు పడ్డాయి, పోలీసులు ఛార్జ్ పెట్టకపోయినా. ఆ కేసులోనే క్లబ్బుల బుద్ధి కూడా బయటపడింది. ఆరోపణ బయటికి రాగానే ఒక క్లబ్ అతన్ని కొనే బేరం ఆపేసుకుంది, ఇంకో క్లబ్, యాంకీస్, అదే అదనుగా తక్కువకి తెచ్చుకుంది, ఆ పరిస్థితి వల్లే రేటు తగ్గిందని వాళ్ళ జనరల్ మేనేజరే ఒప్పుకున్నాడు. సంతలో కుంటి ఎద్దుని బేరమాడినట్టు.

అందుకే నాకు "వెంటనే పీకి పారేయండి" అనేవాళ్ళ మీద కూడా పెద్ద నమ్మకం లేదు. తీసేస్తే మీ చేతులు శుభ్రం, వాడు వచ్చే నెల ఇంకో జెర్సీలో ఉంటాడు, ఆమెకి ఇల్లూ జీతమూ ఇన్సూరెన్సూ ఒకేసారి పోతాయి, దానికి తోడు నీ వల్లే పోయాయని ఇంట్లో ఇంకో నాలుగు తగుల్తాయి. చాలామంది ఆడవాళ్ళు నోరు విప్పకపోవడానికీ విప్పాక వెనక్కి తీసుకోవడానికీ ఇదో పెద్ద కారణం. తీసుకుంటే మనవాళ్ళు "చూశావా, అబద్ధమే" అంటారు.

వాడి సైడ్ కూడా చూడాలి, వదిలెయ్యమని అనట్లేదు. ఏం ఆరోపణో రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబు చెప్పుకునే ఛాన్స్ ఇవ్వాలి, పక్కన లాయరో యూనియన్ మనిషో ఉండాలి. ఒంటరిగా గదిలో కూర్చుని ఏమైనా చేసుకుంటాడేమో కూడా చూసుకోండి, ఆట ఒక్కసారిగా ఆగిపోతే కుర్రాళ్ళు కుప్పకూలతారు. స్నేహితుడిగా నువ్వు వెళ్ళి కూర్చో, మాట్లాడు, కానీ వాడు చెప్పింది నమ్మి నలుగురికీ చాటడం నీ పని కాదు, మేనేజర్‌గా అసలే కాదు. వాట్సాప్ గ్రూప్‌లో ఆమె గురించి జోకులు మొదలయ్యే ఉంటాయి, వాటికి నువ్వు ఒక్క స్మైలీ పెట్టినా రేపు అది క్లబ్ స్మైలీ అవుతుంది. సీసీటీవీ, మెసేజ్‌లు ఏవీ డిలీట్ అవ్వకుండా చూడు.

అన్నట్టు ఇది మగాళ్ళ మీద కక్షేం కాదు, 2015 లో డబ్ల్యూఎన్‌బీఏలో, అంటే అమెరికా ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, పెళ్ళి చేసుకోబోతున్న బ్రిట్నీ గ్రైనర్, గ్లోరీ జాన్సన్ అనే ఇద్దరమ్మాయిలు ఇంట్లో కొట్టుకున్నప్పుడు లీగ్ ఇద్దరికీ తలా 7 మ్యాచ్‌లు వేసింది, వాళ్ళు ఆ దేశపు పెద్ద ప్లేయర్లే.

మరి సాయంత్రం ఏం పోస్ట్ చెయ్యాలి అంటే, "ఒక ఫిర్యాదు మా దృష్టికి వచ్చింది, పోలీసులకి సహకరిస్తాం, ఈలోపు ఆ ప్లేయర్ మ్యాచ్‌లు ఆడడు, ఇది తీర్పు కాదు, సంబంధించిన కుటుంబాన్ని ఎవరూ ఇబ్బంది పెట్టొద్దు." చాలు. ఆమె పేరొద్దు, వాడి గోల్స్ లెక్కొద్దు, కుటుంబ విషయం అన్న మాట అసలొద్దు. ప్రెసిడెంట్ గారు సెమీస్ పోతుందంటే పోనివ్వమను. నీ ఉద్యోగానికే వస్తే ఇంటికొచ్చెయ్, అన్నం పెడతా.

ఆమెకి ఫోన్ చేసేది ఎవరో ఖాయం అయ్యాక నాకు ఒక మెసేజ్ పెట్టు. నువ్వైతే మాత్రం చెయ్యకు, నువ్వు వాడి ఫ్రెండ్‌వని ఆమెకి తెలుసు.

అమ్మ