కాలేజీ జట్లకు వెళ్తున్న మన నలుగురు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల లేఖంతా నలుగురు పిల్లల గురించే. పన్నెండో తరగతి పూర్తిచేసి, ఆటలో ముందుకెళ్ళాలని కాలేజీలు ఎంచుకుని చేరుతున్నవాళ్ళు. పేర్లు, ఫొటోలు రెండో పేజీలో ఉన్నాయి. ఫలితాలప్పుడు గేటు దగ్గర ర్యాంకర్ల ఫ్లెక్సీ పెడతాం కదా, ఈసారి అదే చోట, అదే సైజులో వీళ్ళదీ పెట్టించాను. ఇకపై ప్రతి ఏడాదీ పెడతాం.

వీళ్ళలో ఇద్దరు కబడ్డీ అమ్మాయిలు. ఒకరు కూతకు వెళ్ళే రైడర్, ఇంకొకరు ఎడమ అంచున నిలబడి కూతకొచ్చినవాళ్ళను పట్టే ఎడమ కార్నర్. రైడర్ ఆట మీరంతా చూశారు, చప్పట్లూ కొట్టారు. కార్నర్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. కార్నర్‌లో ఆడేవాళ్ళకు ఓపిక ముఖ్యం. ఎదుటివాళ్ళ కాలు సరిగ్గా పడేదాకా ఆగాలి, తొందరపడి చీలమండకు చెయ్యేస్తే పాయింటూ పోతుంది, తనూ అవుటవుతుంది. ఈ అమ్మాయి పదకొండో తరగతిలో మోకాలి గాయంతో సీజనంతా ఆడలేకపోయింది. అయినా ప్రాక్టీసుకు రావడం మానలేదు. గ్రౌండ్ పక్కన కూర్చుని, ఎనిమిదో తరగతి పిల్లల్లో ఎవరు ఎక్కడ తొందరపడుతున్నారో చూసి చెప్పేది. ఆ పిల్లలే ఇప్పుడు మన జూనియర్ జట్టు.

మిగతా ఇద్దరిలో ఒకరు హర్డిల్స్ అమ్మాయి, ఒకరు జావెలిన్ అబ్బాయి. వీళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకు నేను ప్రత్యేకంగా చెప్పిన విషయం మీకూ తెలియాలి. అండర్-18లో అమ్మాయిలకు హర్డిల్ ఎత్తు 76.2 సెంటీమీటర్లు, ఆ వయసు దాటితే 83.8. అబ్బాయిల జావెలిన్ 700 గ్రాముల నుంచి 800 గ్రాములవుతుంది. అంటే కాలేజీలో మొదటి ఏడాది టైమింగ్ పెరగొచ్చు, విసిరే దూరం తగ్గొచ్చు. పిల్లల్లో లోపమేమీ ఉండదు, శరీరం కొత్త కొలతకు అలవాటు పడాలి, అంతే. సరిగ్గా ఆ ఏడాదే చాలా ఇళ్ళల్లో "ఇక ఆట చాలు, చదువు చూసుకో" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. కనీసం రెండేళ్ళు చూడండి.

మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ కాలేజీ రోజులే చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళల్లో పని చేసేవారు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. 2002 నుంచి అనురాధా బిశ్వాల్ పేరున ఉన్న అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా జ్యోతి టైమింగ్‌ను రికార్డుగా తీసుకోలేదు. ఆ మీట్‌లో ఆమెకు డోప్ (నిషేధిత మందుల) పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 పరిగెత్తింది. వెనకగాలి సెకనుకు 2.1 మీటర్లుంది, రికార్డుగా తీసుకోవాలంటే నిబంధన ప్రకారం 2.0 దాటకూడదు. అదీ లెక్కలోకి రాలేదు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో రికార్డు దక్కింది. 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచింది, మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. రెండుసార్లు చేతికొచ్చినట్టే వచ్చి జారిపోయినా ఆమె ఆగలేదు.

చదువు సంగతేమిటని అడుగుతారని తెలుసు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి బీటెక్ కోర్సుల్లో క్రీడాకారులకు రెండేసి అదనపు సీట్లు ఇస్తోంది, ఆ రెండింట్లో ఒకటి అమ్మాయిలకే. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో ఉండాలి, జాతీయ స్థాయి పతకమూ ఉండాలి. మన నలుగురూ పుస్తకాలు వదిలిపెట్టినవాళ్ళు కాదు. స్టేట్ మీట్‌కు వెళ్తూ రైల్లో ప్రీఫైనల్‌కు చదువుకున్నవాళ్ళే.

తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. స్పోర్ట్స్ సర్టిఫికెట్లు ఒరిజినల్స్ జాగ్రత్తగా దాచండి, వాటి మీద పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. అడ్మిషన్ల టైములో ఆ టెన్షన్ పడలేరు. కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు గ్రౌండ్ ఉందా అని మాత్రమే అడిగి వచ్చేయకండి. పూర్తికాలం కోచ్ ఉన్నారా, పోటీలకు వెళ్ళిన రోజులకు అటెండెన్స్ ఇస్తారా, ఆ కాలేజీ నుంచి యూనివర్సిటీ జట్టుకు ఎంతమంది ఎంపికయ్యారు అని అడగండి. అంతర్ కళాశాల పోటీల్లో కనబడితేనే యూనివర్సిటీ జట్టు. కబడ్డీ లాంటి ఆటల్లో ఆ తర్వాత యూనివర్సిటీల సౌత్ జోన్ పోటీలు, అక్కడ ముందు వరసలో నిలిస్తే ఆలిండియా పోటీలు. జలుబు మందుల్లోనూ నిషేధిత పదార్థాలు ఉండొచ్చు, ప్రొటీన్ డబ్బాల్లోనూ ఉండొచ్చు. తెలియక వాడామన్నా బాధ్యత తప్పదు, నిషేధం పడొచ్చు. డాక్టర్‌కు "మా పిల్ల పోటీల్లో ఆడుతుంది" అని ముందే చెప్పండి.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి గ్రౌండ్‌లోనే నలుగురికీ, వాళ్ళ అమ్మానాన్నలకూ సన్మానం. వీళ్ళను పొద్దున్నే లేపి పంపిన తల్లులు, రాత్రి బస్టాండ్‌లో ఎదురుచూసిన తండ్రులు మన మధ్యే ఉన్నారు, వాళ్ళతో మాట్లాడండి. ఆ తర్వాత పీఈటీ మాస్టారు కాలేజీ సెలక్షన్స్ గురించి మీ ప్రశ్నలకు జవాబు చెబుతారు. పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులు తెచ్చుకుంటే అక్కడే చూసి చెబుతాం.

మీ
ప్రిన్సిపాల్